నీళ్ళు పోయే వైపు

ఏడో బంతి కూడా ఎడమకే పోయింది.

నేల మీద అడ్డంగా పడుకోబెట్టిన స్టీలు గ్లాసుకు జానెడు ఇవతలే పక్కకు తిరిగి, బాల్కనీ గుమ్మం దగ్గర గోడకు తగిలి ఆగింది. అంతకుముందు వెళ్ళిన ఆరూ అక్కడే ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఆయన పట్టర్‌ను, అంటే గోల్ఫు బంతిని దొర్లించే ఆ పొట్టి కర్రను, చంకలో ఇరికించుకుని, రెండో చేత్తో కుర్చీ వీపు పట్టుకుని వాటి వంకే చూస్తూ నిలబడ్డారు.

తుంటి కీలు మార్చి ఆ రోజుకి సరిగ్గా ఆరు వారాలు. ఇంట్లో కాసేపు పట్టర్ పట్టుకోవచ్చని డాక్టరు ముందు రోజే చెప్పాడు. పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, పెళ్ళిచూపులకు వెళ్ళేవాడిలా తల దువ్వుకుని మరీ హాల్లోకి వచ్చారాయన.

"కాలు పొట్టయిపోయిందోయ్" అన్నారు.

ఆయన ఆట ముగిస్తే నేల తుడుద్దామని భార్య వంటింటి గుమ్మంలో బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"పొట్టవడమేమిటండీ? గుడ్డ ముక్కా, ఉతికితే ముడుచుకుపోవడానికి?"

"నవ్వులాట కాదు. కీలు పెట్టేటప్పుడు ఎక్కడో అర అంగుళం తేడా చేశారు. ఒక పక్కకి ఒరుగుతున్నాను. అందుకే ప్రతి బంతీ అటే పోతోంది." గొంతు తగ్గించి, తనలో తను అనుకున్నట్టు, "ఇంక ఆడినట్టే" అన్నారు.

ఆమె ఆయన ముఖం చూసింది. ఆస్పత్రిలో మత్తు దిగి నొప్పి మొదలైనప్పుడు కూడా ఆ ముఖం ఇంత చిన్నబోలేదు. అప్పుడు కేకలేశారు, నర్సుల్ని తిట్టారు, ఆమెను కూడా తిట్టారు. ఇప్పుడు తిట్టడానికి ఎవరూ లేనట్టు నిలబడ్డారు.

"కాలు కాదండీ. నేల."

"నేలేమిటి?"

"మన హాలు అటు వాలి ఉంటుంది. తడిగుడ్డ పెట్టినప్పుడల్లా నీళ్ళు బాల్కనీ గుమ్మానికే పోతాయి."

"చాల్లే. నేను ఇంజనీర్ని. ఈ ఇల్లు కట్టేటప్పుడు మట్టం నేనే దగ్గరుండి చూసుకున్నాను."

"మీరు చూసిన రోజున బాగానే ఉండి ఉంటుంది. నేను ఇరవై ఏడేళ్ళుగా తుడుస్తున్నాను కదా."

ఆమె వాదించలేదు. లోపలికి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తెచ్చి, ఆయన చెప్పుల ముందు వంగి నెమ్మదిగా ఒంపింది. నీళ్ళు ముందు గుండ్రంగా పరుచుకుని, ఎటు పోవాలా అని కాసేపు తటపటాయించి, తర్వాత వేలెడు వెడల్పున ఒక పాయ కట్టి బయల్దేరాయి. మూడు పలకల దాకా నేరుగా నడిచి, ఎప్పుడో కూర గిన్నె జారిపడి ఏర్పడిన పసుపు మరక దగ్గర వంక తిరిగి, అక్కణ్ణుంచి ఎవరో పిలిచినట్టు వేగంగా పోయి బంతుల మధ్య దూరాయి.

ఆయన ఆ తడిదారిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. మళ్ళీ వెనక్కి చూశారు. అప్పుడు నవ్వారు. ఆరు వారాల్లో అదే మొదటిసారి, పొట్ట పట్టుకుని, కుర్చీ కదిలేలా.

"ఓరి నాయనో! ఇంజనీరు ఇంట్లో నేల వంపా! ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది. సరే, ఇప్పుడు ఎక్కడ చూసి కొట్టమంటావ్?"

"నన్నడుగుతారేమిటి?"

"నీళ్ళు నీ మాట వింటున్నాయి కదా, మరి ఎవర్నడగను?"

ఆమె నేల తుడిచింది. మోకాళ్ళ మీదే ఉండి, చెంప నేలకు ఆనేంత వంగి ఒకసారి చూసింది. "ఈ మరక మీదకి పంపండి. మెల్లిగా. అక్కణ్ణుంచి అదే తిరుగుతుంది."

బంతి మరక మీదకి వెళ్ళింది, తిరిగింది, గ్లాసులోకి దూరి ఠంగుమంది.

ఆ తర్వాత గంటసేపు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆయన కొట్టడం, ఆమె వంగి తీసి చేతికివ్వడం. ఆయన వంగకూడదు. తుంటి దగ్గర మడత పడితే కొత్త కీలు జారుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. మధ్యలో పట్టర్ ఆమె చేతికిచ్చి "నువ్వూ ఒకటి కొట్టు" అన్నారు. ఆమె చీపురు పట్టుకున్నట్టు పట్టుకుంటే నవ్వి, వెనకే నిలబడి వేళ్ళు సరిచేశారు. మొదటిది గోడకు పోయింది. రెండోదీ మూడోదీ గ్లాసులోకి పోయాయి.

"ఆగు" అని మనవరాలు వదిలి వెళ్ళిన స్కెచ్ పెన్ను తెప్పించారు. ఆ మూడో బంతి మీద మూడు ఎర్ర చుక్కలు పెట్టారు. "ఆటలో ఎవరి బంతికి వాళ్ళు గుర్తు పెట్టుకోవాలి. లేకపోతే ఒకళ్ళది ఇంకొకళ్ళు కొట్టేస్తారు. ఇది నీది. ఈ సిరా నీళ్ళు తగిలితే పోతుంది, జాగ్రత్త. తర్వాత మంచి మార్కరు తెచ్చి పెడతాను."

ఆమె దాన్ని మిగతా పదకొండింటితో కలపకుండా వంటింట్లో కప్పుల పక్కన పెట్టుకుంది.

గురువారం ఫిజియో అమ్మాయి వచ్చింది. ముందుగా వాకర్‌ను మడిచి గుమ్మం దగ్గర పెట్టింది, అద్దె షాపుకి తిరిగి పంపాలని. ఎత్తు టాయిలెట్ సీటు కూడా ఇంకో రెండు వారాల్లో తీసేయొచ్చంది.

ఒక్కొక్క వస్తువే ఇంట్లోంచి వెళ్ళిపోతోంది. మొదట పొట్టలో పొడిచే ఇంజెక్షన్లు అయిపోయాయి. తర్వాత కాళ్ళకు బిగుతుగా తొడిగే పొడుగు మేజోళ్ళు పోయాయి. మోకాళ్ళ మధ్య పెట్టుకునే దిండు మంచం కిందకి చేరింది. ఒకటి వెళ్ళినప్పుడల్లా ఆమె సంతోషంగా డబ్బాలో పెట్టి మూత వేసేది. మూత వేశాక మటుకు ఏదో పని మరిచిపోయినట్టు వంటింట్లో నిలబడిపోయేది.

మిగిలినవి రెండే. సాక్సు తొడగడం, బంతి తీసివ్వడం.

సాక్సు పొద్దున ఏడింటికి. ఆమె చిన్న ముక్కాలి పీట మీద కూర్చుంటుంది, ఆయన పాదం ఆమె ఒళ్ళో ఉంటుంది. ఆ పది నిమిషాల్లో ఆయన మాట్లాడతారు. కూలిన వంతెనల గురించి, నిలబడ్డ వంతెనల గురించి, చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముడి గురించి. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆయన మాటలు చాలా మటుకు ఆమె వీధి గుమ్మంలో నిలబడి, వెళ్ళిపోతున్న వీపు నుంచి విన్నవే. ముందు ఆఫీసు, రిటైరయ్యాక గోల్ఫు. "వస్తా", "తలుపేసుకో", "భోజనానికి చూడకు." ఇప్పుడు ఆ మనిషి ముఖం ఇటు తిరిగి ఉంది. పాదం ఒళ్ళో ఉంటే ఎక్కడికీ పోలేరు.

"అంకుల్, ఈ రోజు కొంగ పాఠం" అంది ఫిజియో అమ్మాయి. "కింద పడ్డది తీయాలంటే ఒక చేత్తో గట్టిగా ఏదైనా పట్టుకోవాలి. ఆపరేషన్ కాలు నిటారుగా వెనక్కి, గాల్లోకి. అప్పుడు ముందుకి వంగాలి. అలా అయితే తుంటి మడత పడదు."

"ఈ వయసులో కొంగలానా? చూసినవాళ్ళు చేప కోసమనుకుంటారు."

"ఆంటీ, ముందు మీరు చేసి చూపించండి. అంకుల్ మీరు చేస్తేనే చేస్తారు."

ఆమె కుర్చీ పట్టుకుని కాలు వెనక్కి చాచి వంగి బంతి తీసింది. నడుములో కలుక్కుమంది. ఈ ఆరు వారాల్లో ఆయన్ని లేపీ కూర్చోబెట్టీ పట్టుకున్న నొప్పి అది. ముఖంలో కనపడనివ్వలేదు. ఆయన రెండుసార్లు ప్రయత్నించి, రెండోసారి తూలి ఆమె భుజం పట్టుకున్నారు.

"వద్దు, ఇంకో నెల ఆగుదాం" అంది ఆ అమ్మాయి. "ఆదివారం మీ మైదానానికి వెళ్ళండి. కానీ పెద్ద దెబ్బలు కొట్టకూడదు. ఆ జెండా చుట్టూ నున్నటి పచ్చిక ఉంటుందే..."

"గ్రీన్."

"ఆ గ్రీన్ దగ్గరవే, చిన్నవి. హోల్లోంచి బంతి మటుకు మీరు తీయకూడదు. ఎవరైనా పక్కనుండి తీసివ్వాలి."

"ఈవిడ వస్తుంది" అన్నారాయన, టీ పెట్టమన్నంత మామూలుగా.

"నేనా?" అంది ఆమె.

"ఇంకెవరు? వంపు చూసేదీ నువ్వే, బంతి తీసేదీ నువ్వే. నేను ఊరికే కర్ర ఊపడానికి."

ఆ సాయంత్రం ఆమె బజారుకి వెళ్ళి మడమ ఎత్తు లేని రబ్బరు అడుగు బూట్లు కొనుక్కుంది. తెల్లవి. మైదానంలోకి ఎత్తు మడమ చెప్పులు రానివ్వరని ఆయన చెప్పారు. కూతురికి ఫోనులో ఆ మాటే చెప్పింది.

"అమ్మా! నువ్వు గోల్ఫుకా! ఇన్నేళ్ళలో నాన్న నిన్ను ఆ గేటు దాకానైనా తీసుకెళ్ళారా?"

"ఇప్పుడు తీసుకెళ్తున్నారుగా."

"ఫోటో పెట్టు. బూట్లు కూడా కనపడాలి."

శనివారం మధ్యాహ్నం ఆ బూట్లు వేసుకుని హాల్లో అటూ ఇటూ నడిచి చూసింది. ఆయన పడుకున్నారు. మూడు చుక్కల బంతిని చేతిసంచిలో అడుగున పెట్టింది. ఎందుకో తనకే తెలియదు. ఎవరైనా "నీ బంతేదమ్మా?" అని అడిగితే ఉండాలి కదా.

ఆదివారం పొద్దున మైదానంలో ఎండ ఇంకా నేల మీదకి దిగలేదు. ఆయనతో ఎప్పుడూ ఆడే నేస్తాలు ఇద్దరు ఎదురొచ్చారు. ఒకరు రిటైరైన జడ్జిగారు, ఆయన కంటే పెద్దవారు, ఎప్పుడూ తీర్పు చదువుతున్నట్టు మాట్లాడతారు. రెండోవాడు పళ్ళ డాక్టరు, చిన్నవాడు, నవ్వితే పళ్ళన్నీ కనపడతాయి. వెనక సంచి మోసే క్యాడీ. జెండా దాకా ఎంత దూరమో అడుగుల్లో చెబుతాడు కాబట్టి అందరూ అతన్ని అడుగులాయన అంటారు. అరవై దాటి ఉంటాయి.

"చెల్లెమ్మా, ముద్దాయిని క్షేమంగా తెచ్చి అప్పగించావ్" అన్నారు జడ్జిగారు.

"వదినగారూ, రండి రండి" అన్నాడు పళ్ళ డాక్టరు.

వాళ్ళిద్దరూ దూరం నుంచి బంతులు కొట్టుకుంటూ వచ్చారు. ఆయనా ఆమే బ్యాటరీ బండిలో గ్రీన్ దాకా వెళ్ళి దిగారు. ఆయన అంచున బంతి వేసుకుని చిన్న దెబ్బ కొట్టారు. బంతి జెండాకి పది అడుగుల దూరంలో ఆగింది. పట్టర్ తీసుకుని, ఆమె వైపు కొంచెం వంగి, పెదవులు కదపకుండా "ఎటు?" అన్నారు.

ఆమె ఆ పచ్చదనాన్ని చూసింది. మొదట ఏమీ కనపడలేదు. అంతా ఒకేలా, ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. అప్పుడు మనసులోనే ఒక బకెట్టు నీళ్ళు అక్కడ కుమ్మరించింది. వెంటనే నేల కదిలింది. నీళ్ళు కాసేపు తటపటాయించాయి, కుడి పక్క కొంచెం పాలిపోయిన గడ్డి దాకా పాకి, అక్కణ్ణుంచి ఎడమకు జారాయి.

"ఆ పాలిపోయిన గడ్డి మీదకి. గట్టిగా వద్దు."

బంతి వెళ్ళింది, తిరిగింది, కనపడకుండా పోయింది.

"భేష్!" అన్నారు జడ్జిగారు. "ఆరు వారాలు మంచం మీదుండి వచ్చి మొదటి బంతే లోపలా? ఇందులో ఏదో కుట్ర ఉంది."

ఆమె వంగి హోల్లోంచి బంతి తీసి, తడి తుడుస్తూ నిలబడింది. ఆయన నవ్వుతున్నారు. కర్రకి ఆనుకుని, చాలా రోజుల తర్వాత నలుగురిలో నిలబడ్డ మనిషిలా కులాసాగా ఉన్నారు.

"కుట్ర కాదండీ, బుర్ర. మొన్న ఇంట్లో ఏం జరిగిందో చెప్పనా? ఏడు బంతులు కొట్టాను, ఏడూ ఎడమకే. కాలు పొట్టయిందేమోనని హడలిపోయాను. అప్పుడు తట్టింది. తేడా కాల్లో లేదు, నేల్లో ఉంది! గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఒంపి చూశాను. చూస్తే ఏముంది, నీళ్ళు కూడా ఎడమకే. ఇంజనీరు బుర్ర ఎక్కడికి పోతుంది!"

"గ్లాసు నీళ్ళా! అదిరింది సార్!" అని పళ్ళ డాక్టరు పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.

ఆమె బంతి తుడుస్తూనే ఉంది. ఆయన ఇటు తిరుగుతారని చూసింది. "చెప్పు, ఎలా పోయాయో చెప్పు" అని తననీ మాటల్లోకి లాగుతారని చూసింది. ఆయన తిరిగారు కూడా. బంతి కోసం చేయి చాచారు. ఆ కళ్ళలోకి చూస్తే ఆమెకు ఇంకా కష్టమనిపించింది. అబద్ధం చెబుతున్న కళ్ళు కావవి. నీళ్ళు తనే తెచ్చినట్టు, తనే వంగి ఒంపినట్టు ఆయనకి నిజంగానే గుర్తుంది. వంగలేని మనిషి ఎలా ఒంపారని ఆయనకే తట్టలేదు, వాళ్ళకీ తట్టలేదు.

బంతి చేతిలో పెట్టింది.

రెండో గ్రీన్ మీద ఆయన "ఎటు?" అనలేదు. తనే చూసుకుని కొట్టారు. బంతి పక్కనుంచి పోయింది. ఇంకోసారి కొట్టి లోపల వేశారు. ఆమె వంగి తీసింది. పోన్లే, పక్కన వాళ్ళున్నారుగా, మొహమాటపడి ఉంటారనుకుంది. బంతి తీసిచ్చే పని ఉంది కదా. అందుకేగా వచ్చింది.

మూడో గ్రీన్ మీద వంగినప్పుడు నడుము మళ్ళీ పట్టేసింది. లేవడం ఒక్క క్షణం ఆలస్యమైంది.

"చెల్లెమ్మా, వీడి కోసం ఇంకెన్నిసార్లు వంగుతావ్?" అన్నారు జడ్జిగారు. "ఇది కఠిన శిక్ష కిందకొస్తుంది."

"అయ్యో, మరిచేపోయాను!" అని పళ్ళ డాక్టరు నెత్తిన చేయి పెట్టుకున్నాడు. "సార్ కోసమని తెచ్చాను, రెండు వారాలుగా సంచిలోనే ఉంది." సంచి పక్క జేబులోంచి బొటనవేలంత నల్లటి రబ్బరు డొప్ప ఒకటి తీశాడు. ఆయన పట్టర్ తిరగేసి, పిడి చివర దాన్ని నొక్కి బిగించాడు. "ఇలా తలకిందులు చేసి హోల్లోకి పెట్టండి. నొక్కండి. ఇప్పుడు ఎత్తండి."

ప్లక్కుమని చప్పుడైంది. రబ్బరుకు కరుచుకుని బంతి పైకి వచ్చింది. ఆయన నడుము కూడా వంచలేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. అందరి కంటే ముందు ఆమే కొట్టింది. ఆయన బంతిని మళ్ళీ హోల్లో వేసి తీశారు, మళ్ళీ వేసి తీశారు. ప్లక్. ప్లక్. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా జడ్జిగారికి చూపించారు.

"ఇంక వదినగారికి విశ్రాంతి" అన్నాడు పళ్ళ డాక్టరు.

"నిజమేనయ్యా. పాపం, ఆరు వారాలుగా నా దగ్గర నానా చాకిరీ." ఆయన ఆమె వైపు తిరిగారు. ఆ గొంతులో జాలి ఉంది, ప్రేమ కూడా ఉంది. "ఎండెక్కుతోంది, నువ్వెళ్ళి బండిలో కూర్చో. నీళ్ళు తాగు. ఇంక నేను చూసుకుంటాను."

గ్రీన్ మీదకి బండి రాకూడదు. దూరంగా, సిమెంటు బాట మీద ఆగాలి. ఆమె అక్కణ్ణుంచి వాళ్ళను చూస్తూ కూర్చుంది. మాటలు వినపడవు. నవ్వులు కొంచెం వినపడతాయి. తెల్ల బూట్ల ముందు భాగం పచ్చిక రసంతో ఆకుపచ్చగా మారింది. చేతిసంచిలో బంతి ఒడికి గట్టిగా తగులుతోంది.

అడుగులాయన నీళ్ళ సీసా తెచ్చిచ్చాడు. ఇచ్చి వెళ్ళలేదు.

"మొదటి గ్రీన్ మీద మీరు చెప్పిన చోటనే తిరిగిందమ్మగారూ. నేనూ ఆ గడ్డే చూశాను. మీరు ఆడతారా?"

"లేదు. ఇంట్లో నేల తుడుస్తాను."

అతను నవ్వలేదు. తల ఊపాడు. "నేను క్యాడీ కాకముందు ఇక్కడే పైపు పట్టుకుని గడ్డి తడిపేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళు. నాకూ అట్లానే తెలిసింది."

ఎవరో పిలిస్తే పరుగెత్తాడు.

చివరి గ్రీన్ బాటకు దగ్గరగా ఉంది. ఆయన బంతి వెనక నిలబడి చాలాసేపు చూశారు. అటు చూశారు, ఇటు చూశారు. తర్వాత తలెత్తి బండి వైపు తిరిగారు. ఆమె లేచింది. ఒక కాలు కింద పెట్టింది. నీళ్ళు ఎటు పోతాయో అక్కడికే తెలుస్తోంది, ఎడమ పక్క మిట్ట మీంచి, బాగా పైనుంచి.

"అడుగులాయనా, తువ్వాలు!" అని కేకేశారాయన. తువ్వాలు బండి వెనక వేలాడుతోంది.

ఆమె కాలు లోపలికి తీసుకుంది.

బంతి మిట్ట కిందనుంచి పోయి, హోలుకు చాలా దూరంలో ఆగింది.

ఆ రోజు కూతురికి ఫోటో పంపింది. బండిలో కూర్చున్న ఫోటో. "నాన్న ఏరీ?" అని జవాబొచ్చింది.

మంగళవారం పొద్దున ఏడింటికి ఆమె ముక్కాలి పీట తెచ్చి మంచం పక్కన వేసేసరికి ఆయన సాక్సు వేసుకుని కూర్చుని ఉన్నారు. చేతిలో పొడుగు తాళ్ళున్న ప్లాస్టిక్ దోనె. సాక్సును దానికి తొడిగి, కింద పడేసి, పాదం దూర్చి, తాళ్ళు లాగాలి. ఫిజియో అమ్మాయి ముందు రోజు ఇచ్చి వెళ్ళింది.

"చూశావా! నాలుగే నిమిషాలు!"

"బాగుందండీ" అంది. పీట మళ్ళీ గోడ వారకి జరిపింది. తప్పిపోయిన తమ్ముడు దొరికాడో లేదో ఆయన ఇంకా చెప్పలేదు. గురువారం సగంలో ఆపి, రేపు చెబుతానన్నారు. శుక్రవారం అదే సమయానికి ఫోను వచ్చింది, ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

పళ్ళ డాక్టరు తన దగ్గరున్న ఆకుపచ్చ చాప కూడా పంపాడు. బంతులు దొర్లించడానికి ప్రత్యేకంగా చేసింది, మధ్యలో తెల్ల గీత, చివర గుండ్రటి కన్నం. హాల్లో వంపుందని ఆయన దాన్ని పడకగదిలో, తలుపు నుంచి మంచం దాకా పరిపించారు. అటక మీది పెట్టెలోంచి తన పాత మట్టం దింపించి, నీళ్ళలో గాలిబుడగ తేలే ఆ కర్రను చాప మొదట్లో పెట్టి చూశారు. బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది.

"ఇప్పుడు ఎవర్నైనా చెప్పమను. నేల వంపు అనడానికి వీల్లేదు."

ఆమె బకెట్టుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆ గది తలుపు దగ్గర సమంగానే ఉంటుంది. బీరువా దాటాక రెండో పలక నుంచి కుడికి, మంచం కిందకి దిగుతుంది. వానాకాలం కిటికీలోంచి జల్లు కొట్టినప్పుడల్లా నీళ్ళు మంచం కిందే చేరతాయి. ఎన్నోసార్లు దిళ్ళూ చెప్పులూ తడిసిపోయాయి.

మొదటి బంతి గీత మీదే బయల్దేరి, బీరువా దాటాక కుడికి ఒరిగి, చాప అంచు దిగి మంచం కాలికి కొట్టుకుంది. రెండోది అంతే. మూడోది అంతే. ఆయన నిలబడే తీరు మార్చారు. పాదాలు దగ్గరగా పెట్టారు, దూరంగా పెట్టారు. ఆరోదీ అంతే.

ముఖం మళ్ళీ చిన్నబోయింది. పోయిన మంగళవారం లాగే.

"లోపం కాల్లోనే ఉందోయ్" అన్నారు నెమ్మదిగా. "నాకు మొదట్నుంచీ అనుమానమే. అర అంగుళం ఉంటుంది తేడా. డాక్టరుకి ఫోన్ చేసి అడగాలి. మళ్ళీ కోస్తానంటాడేమో." తలెత్తి చూశారు. "నువ్వేమంటావ్?"

మాట ఆమె నాలుక మీదే ఉంది. బకెట్టు చేతిలోనే ఉంది. ఒక్క గ్లాసుడు ఒంపితే చాలు, మళ్ళీ ఆ నవ్వు వింటుంది. గంటసేపు పొయ్యి వెలగదు. ఆదివారానికి అది ఇంకో కథై, జడ్జిగారి ముందు ఆయన నోట్లోంచి వస్తుంది. తను బండిలో ఉంటుంది.

"నాకేం తెలుసండీ" అంది.

అలా అంటే ఆయన ఒప్పుకోరనుకుంది. ఒప్పుకోకూడదనుకుంది. నీకు తెలీకపోవడమేమిటి, మొన్న నువ్వేగా చెప్పావ్ అంటారని, బకెట్టు కింద పెట్టకుండా, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా నిలబడింది.

"అవున్లే" అన్నారాయన. ఆ గొంతులో ఏ కోపమూ లేదు. "పాపం, నీకేం తెలుస్తుంది."

ఇంకో బంతి కోసం చూసుకున్నారు. పొద్దున సంచి సర్దేటప్పుడు ఆమె మూడు చుక్కల బంతిని తీసి బల్ల మీద పెట్టింది. చేతికి అందింది కదా అని దాన్నే చాప మీద పడేసి కొట్టారు. అది కొంచెం గట్టిగా వెళ్ళి, మంచం కాలిని తప్పించుకుని లోపలికి, గోడ మూలకి పోయింది. ఆయన పట్టర్ తిరగేసి మంచం కిందకి చాచారు. రబ్బరు డొప్ప పైనుంచి నొక్కితేనే పట్టుకుంటుంది, పక్కనుంచి పట్టదు. రెండుసార్లు తగిలి బంతి ఇంకా లోపలికి జరిగింది.

"పోన్లే, వదిలేయ్. ఇంకా బోలెడున్నాయి."

ఫోను తీసుకుని, చేతికర్ర ఆనించుకుంటూ హాల్లోకి వెళ్ళారు. ఆమె బంతులు ఏరి గిన్నెలో వేసి, చాప చుట్టి పక్కన నిలబెట్టింది. గుడ్డ పిండి తుడవడం మొదలుపెట్టింది, తలుపు నుంచి బీరువా దాకా, బీరువా నుంచి మంచం దాకా. మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకు ఆనించి చూసింది. గుడ్డలోంచి కారిన నీళ్ళు సన్నటి పాయగా లోపలికి పోతున్నాయి. మూలన బంతి వాటికి ఎదురుచూస్తున్నట్టు ఉంది.

నడుము కలుక్కుమంటున్నా చేయి చాచి అందుకుంది.

హాల్లోంచి ఆయన గొంతు వినిపిస్తోంది. "నేలా? లేదు డాక్టర్, నేల సమంగానే ఉంది. నేనే మట్టం పెట్టి చూశాను. ఇంట్లో ఇంకెవరు చూస్తారు?"

బంతికి మంచం కింది దుమ్ము అంటుకుంది. తడిగుడ్డతో తుడిచింది. ఒక చుక్క సగం చెరిగి, పలచటి ఎరుపుగా గుడ్డకి అంటింది. ఆమె చేయి ఆగింది. హాల్లో ఆయన నవ్వుతున్నారు, డాక్టరు ఏదో ధైర్యం చెప్పినట్టున్నాడు. గుడ్డను ఇంకోసారి బకెట్టులో ముంచి, గట్టిగా పిండి, పళ్ళెం తోమినంత శ్రద్ధగా బంతి చుట్టూ తుడిచింది. రెండో చుక్క పోయింది. మూడోదీ పోయింది.

లేచి, మిగతా పదకొండూ ఉన్న గిన్నెలో దాన్ని వేసింది. బంతులు ఒకసారి కదిలి, సర్దుకున్నాయి.